బడిలో అమ్మ నుడి: సవర బాలల తరగతి గది చెప్పే పాఠం

బడిలో అడుగుపెట్టిన బిడ్డకు దక్కవలసిన తొలి ఆదరణ తనకు అర్థమయ్యే పలకరింపు. మన దేశంలో ఎందరో గిరిజన బాలలకు ఆ పలకరింపు ఇప్పటికీ అరుదుగానే వినిపిస్తోంది. 2011 జనగణన ప్రకారం పదివేల మంది, అంతకు మించి మాట్లాడే భాషలు దేశంలో 121 ఉన్నాయి. వాటిలో 22 భాషలకు రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులో స్థానం లభించింది. మిగిలిన 99 భాషలలో సవర ఒకటి. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాలలోను, ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాలలోను ఈ భాషను మాట్లాడతారు.

తెలుగుకు దూరపు భాష

సవర, తెలుగు ఇరుగుపొరుగు భాషలే అయినా వాటి మధ్య చుట్టరికం లేదు. తెలుగు ద్రావిడ కుటుంబానికి చెందినది. సవర ఆస్ట్రో ఆసియాటిక్ కుటుంబంలోని ముండా శాఖకు చెందినది. గొంతులో గాలిని క్షణకాలం బిగబట్టి పలికే ధ్వని సవరలో ఉంది. తెలుగు వర్ణమాలలో దానికి అక్షరం లేదు.

లెక్క పెట్టే పద్ధతి కూడా వేరు. తెలుగులో పదమూడు అంటే పది మీద మూడు. సవరలో అదే సంఖ్య పన్నెండు మీద ఒకటి. పంతొమ్మిది అంటే పన్నెండు మీద ఏడు. ముప్పై మూడును ఒక ఇరవై, ఒక పన్నెండు, ఒకటి అని కూర్చి చెబుతారు. ఈ సంగతి తెలియని ఉపాధ్యాయుడికి ఆ బిడ్డ లెక్కలలో వెనుకబడినట్లు కనిపించవచ్చు. నిజానికి ఆ బిడ్డకు లెక్క వచ్చు. బడి అడిగే తీరులో చెప్పడమే ఇంకా రాదు. ఇటువంటి పొరపాటు అంచనాలు పోగుపడితే బిడ్డ మౌనం వహిస్తాడు, తరువాత బడికి రావడం తగ్గిస్తాడు.

గిడుగు చూపిన బాట

ఈ ఇబ్బందిని శతాబ్దం క్రితమే గుర్తించిన తెలుగువాడు గిడుగు వేంకట రామమూర్తి. 1863 ఆగస్టు 29న జన్మించిన ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. పరిసర కొండలలోని సవరలకు చదువు చెప్పాలంటే ముందుగా తాను వారి భాష నేర్వాలని నిశ్చయించుకున్నారు. తెలుగు తెలిసిన సవర వ్యక్తి సహాయంతో ఆ భాషను అభ్యసించారు. సవరలో వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు పెట్టి, పిల్లలకు వారి నుడిలోనే చదువు చెప్పించారు. ఈ కృషికి మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వజూపగా, ఆ సొమ్మును సవరల బడికి వినియోగించాలని ఆయన కోరారు.

ఆయన రచించిన సవర భాషా వ్యాకరణ గ్రంథం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. తెలుగులో వ్యావహారిక భాష కోసం ఆయన సాగించిన ఉద్యమానికీ ఈ పనికీ మూలసూత్రం ఒక్కటే: జనం మాట్లాడే భాషకు బడిలో చోటుండాలి. ఆయన జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజున ఆయన సవర సేవను కూడా స్మరించుకోవడం సముచితం.

1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరడంతో సవరల నేల రెండు రాష్ట్రాల నడుమ చీలింది. ఒకే భాష మాట్లాడే పిల్లలకు ఒకవైపు తెలుగు, మరొకవైపు ఒడియా బడి భాషలయ్యాయి. అదే ఏడాది మంగయి గొమాంగో సవరకు సొరాంగ్ సొంపెంగ్ అనే ప్రత్యేక లిపిని రూపొందించారు.

చట్టం, ఆచరణ

భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పించేందుకు ప్రతి రాష్ట్రం కృషి చేయాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం నిర్దేశిస్తోంది. 1956 నాటి ఏడవ సవరణ ద్వారా ఇది చేరింది. సాధ్యమైనంత వరకు బోధన మాతృభాషలో ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం పేర్కొంది. వీలైన చోటల్లా కనీసం అయిదవ తరగతి వరకు ఇంటి భాషలో బోధించాలని 2020 జాతీయ విద్యావిధానం సూచించింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో బహుభాషా విద్యా కార్యక్రమం మొదలైంది. సవర, కువి, కొండ, కోయ, గోండి, కోలామి, బంజారా, ఆదివాసీ ఒడియా భాషలలో తెలుగు లిపితో వాచకాలు తయారయ్యాయి. తరువాత ఒడిశా కూడా ఇదే బాటలో సాగి, 21 గిరిజన భాషలకు ఈ విధానాన్ని విస్తరించింది.

ఈ పద్ధతి తెలుగును పక్కన పెట్టదు. బిడ్డ తొలుత తన నుడిలో చదవడం, రాయడం నేర్చుకుంటాడు. ఆ వేళలోనే తెలుగు వినడం, మాట్లాడడం అలవాటవుతుంది. పై తరగతులకు వెళ్లేకొద్దీ తెలుగు పాలు పెరుగుతుంది. అక్షరం అంటే ఏమిటో ఒక భాషలో గ్రహించిన బిడ్డ రెండవ భాషను అంత సులువుగా అందుకుంటాడు.

అడ్డంకులు, కర్తవ్యం

ఆచరణలో చిక్కులు తక్కువేమీ కావు. స్థానిక భాష తెలిసిన ఉపాధ్యాయులు కావాలి. వారు బదిలీ అయితే తరగతి మళ్లీ మొదటికి వస్తుంది. ఒకే గదిలో రెండు మూడు భాషల పిల్లలు ఉన్న చోట ఒక్క వాచకం చాలదు. తమ బిడ్డలు త్వరగా తెలుగు, ఇంగ్లీషు నేర్వాలన్న తల్లిదండ్రుల ఆకాంక్ష కూడా న్యాయమైనదే. వారి భాష ఆ ఆకాంక్షకు ఆటంకం కాదని బడి చేతలలో చూపవలసి ఉంటుంది.

ఖర్చు లేని పనులు కొన్ని ఏ బడిలోనైనా చేయవచ్చు. సవర ఇళ్ల గోడలపై వేసే సంప్రదాయ చిత్రాలకు బడి గోడపై చోటివ్వవచ్చు. ఊరి పెద్దలను పిలిపించి కథలు చెప్పించవచ్చు. తెలుగు పిల్లలు తమ తోటి సవర పిల్లల నుండి పలకరింపు మాటలు, అంకెలు నేర్చుకోవచ్చు. ఒకరి మాటను మరొకరు ఎగతాళి చేయకుండా ఆసక్తిగా వినే అలవాటు అక్కడే ఏర్పడుతుంది.

1952లో ఢాకాలో మాతృభాష కోసం ప్రాణాలర్పించిన వారి స్మృతితో ముడిపడిన ఫిబ్రవరి 21ని యునెస్కో 1999లో అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవంగా ప్రకటించింది. ఆ రోజున బడులలో పాటలు, వేషధారణలు ఉంటాయి. అవి ముచ్చటైనవే. అయితే సవర బిడ్డకు అవసరమైనది ఏడాది పొడవునా సాగే పని: వాచకం బడి తెరిచే రోజుకే అందడం, తన భాష తెలిసిన ఉపాధ్యాయుడు ఉండడం, పన్నెండు మీద ఒకటి అన్న జవాబు కూడా సరైనదేనని తరగతిలో అంగీకరించడం.