గ్యాస్ వెనక దాక్కున్న క్లోమం

స్టీవ్ జాబ్స్ 2005 జూన్‌లో స్టాన్‌ఫర్డ్‌లో ఇచ్చిన ప్రసంగం చదవనివాళ్ళు మన ఫీల్డులో ఉండరేమో. ఫార్వర్డ్ మెయిళ్ళ రోజుల్లో నెలకోసారైనా ఎవరో ఒకరు పంపేవారు. అందరికీ చివర్లో ఆకలి గురించి చెప్పిన మాట గుర్తుంటుంది. నాకు మాత్రం మధ్యలో వచ్చే ఒక చిన్న వివరం పట్టుకుంది. స్కాన్‌లో క్లోమంలో కణితి కనబడిందట. ఆ సాయంత్రమే గొంతులోంచి ఎండోస్కోప్ దించి, కడుపు దాటించి, పేగులోకి తీసికెళ్ళి, అక్కణ్ణుంచి క్లోమంలోకి సూది గుచ్చి నాలుగు కణాలు బయటికి లాగారట. ఆ కణాల్ని మైక్రోస్కోప్ కింద చూశాకే అది ఆపరేషన్‌తో నయమయ్యే అరుదైన రకం అని తెలిసింది.

కడుపు లోపల్నుంచి, కడుపు బయట ఉన్న అవయవంలోకి సూది ఎలా గుచ్చుతారు? చూడకుండా గుచ్చరు కదా. ఆయన పేరు చెప్పలేదు గానీ, ఆ వర్ణనకి సరిగ్గా సరిపోయేది ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్. డాక్టర్లు పొట్టిగా ఈయూఎస్ అంటారు. దీని చరిత్ర వెతుక్కుంటూ పోతే అమెరికాలో మొదలై, జర్మనీ, డెన్మార్క్ తిరిగి, మన మైండ్‌స్పేస్ రోడ్డు దాకా వచ్చింది. అందుకే ఈ టపా.

ముందు క్లోమం సంగతి. మటన్ కొట్టుకెళ్తే కార్జం, గుండెకాయ, తిల్లి, బోటి అని దేని పేరు దానికి ఉంది. క్లోమానికి మాత్రం వాడుకలో ఒక పేరంటూ లేదు. 'క్లోమం' అన్నది బడిలో సైన్సు పుస్తకంలో చదివిన మాటే తప్ప ఇంట్లో విన్న మాట కాదు. పేరు లేని అవయవానికి నొప్పి వస్తే ఆ నొప్పిక్కూడా పేరుండదు. మా గుంటూరు, ప్రకాశం వైపు కడుపునొప్పికి రెండే కారణాలు: ఒకటి కారం, రెండు గ్యాస్. చిలకలూరిపేట వైపు మా బాబాయి ఒకాయన మూడేళ్ళపాటు గ్యాస్ మాత్రలు మింగాడు. పచ్చిమిరపకాయ మానేశాడు, గోంగూర మానేశాడు, నొప్పి మాత్రం మానలేదు. భోంచేశాక పైకడుపులో మొదలై వీపులోకి పొడుచుకెళ్ళేది. ముందుకి వంగి కూర్చుంటే కాస్త తెరిపి. పాపం, మిరపకాయకేమీ సంబంధం లేదు. మిరపకాయ క్లోమాన్ని పాడుచేస్తుందని ఎవరూ తేల్చలేదు. క్లోమం వాపుకి ఎక్కువగా కారణమయ్యేవి పిత్తాశయంలో రాళ్ళు, మద్యం.

పత్తి పొలాల వైపు ఇంకో కారణం కూడా ఉంది, అది తక్కువమందికి తెలుసు. ఆర్గానోఫాస్ఫేట్ జాతి పురుగుమందు ఒంట్లోకి పోతే నరాల చివర ఎసిటైల్‌కోలిన్ పేరుకుపోతుంది. దాంతో క్లోమం ఆగకుండా రసాలు ఊరుస్తుంది, అదే సమయంలో బయటికెళ్ళే దారి బిగుసుకుంటుంది. ట్రినిడాడ్‌లో ఒక జాతి తేలు కుడితే క్లోమం వాస్తుందని 1970లోనే రాశారు, అక్కడ జరిగేదీ ఇంచుమించు ఇదే. 1987-88లో తెల్లదోమ పత్తిని తినేసి, మందుల మీద మందులు కొట్టినా లొంగక, అప్పుల్లో మునిగి మన రెండు జిల్లాల రైతులు అదే మందు తాగి చనిపోయిన సంగతి మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి ఇంకా గుర్తే. అలా తాగి బతికి బయటపడ్డవాళ్ళలో కొందరికి క్లోమం దెబ్బతింటుందని వైద్యపుస్తకాల్లో ఉంది.

సరే, నొప్పి క్లోమానిదే అని అనుమానం వచ్చిందనుకుందాం. చూడ్డం ఎలా? అది కడుపు వెనకాల, వెన్నెముకకి ముందు అడ్డంగా పడుకుని ఉంటుంది. పొట్ట మీద జెల్ రాసి చేసే మామూలు అల్ట్రాసౌండ్‌కి ముందు చర్మం, కొవ్వు, ఆ తర్వాత కడుపు, పేగులు అడ్డం. వాటిల్లో గాలి ఉంటుంది. అల్ట్రాసౌండ్ తరంగం గాలిని తాకితే దాదాపు మొత్తం వెనక్కి తిరిగొచ్చేస్తుంది. అంటే ఇక్కడ నిజంగానే గ్యాస్ ట్రబుల్ ఉంది, కాకపోతే రోగికి కాదు, మెషీన్‌కి. స్కాన్ రిపోర్టుల్లో 'పేగుల్లో గ్యాస్ వల్ల క్లోమం సరిగా కనబడలేదు' అన్న లైను చాలామంది చూసే ఉంటారు. ప్రోగ్రామర్లకి చెప్పక్కర్లేదు, నల్ వేరు, జీరో వేరు. కనబడలేదు అంటే బాగుందని కాదు. కానీ ఇంటికొచ్చేసరికి ఆ లైను 'స్కానులో ఏమీ లేదన్నారు' అయిపోతుంది. బాబాయి విషయంలో జరిగింది సరిగ్గా అదే.

1968లో అమెరికాలో మెక్‌క్యూన్ బృందం ఎండోస్కోప్ ద్వారా క్లోమనాళంలోకి రంగు ఎక్కించి ఎక్స్‌రే తీయడం చూపించింది. దాన్నే ఈఆర్‌సీపీ అంటున్నాం. 1970ల్లో సీటీ స్కాన్ వచ్చింది. ఈఆర్‌సీపీతో నాళం కనబడుతుంది గానీ చుట్టూ ఉన్న కండ కనబడదు. పైగా ఆ పరీక్షే ఒక్కోసారి క్లోమానికి వాపు తెప్పిస్తుంది. డీబగ్గర్ పెడితే ప్రోగ్రామ్ క్రాష్ అయినట్టు :)

ఇక అసలు ఐడియా. గాలి అడ్డమొస్తుంటే గాలిని దాటి వెళ్ళిపోతే? కడుపు గోడకి అవతల పక్కనే క్లోమం ఉంది, మధ్య దూరం మిల్లీమీటర్లలోనే. అల్ట్రాసౌండ్ ప్రోబ్‌ని ఎండోస్కోప్ కొనకి తగిలించి లోపలికి పంపిస్తే సరి. 1980లో మేయో క్లినిక్‌లో యూజీన్ డిమాగ్నో బృందం కుక్కల మీద చేసి లాన్సెట్‌లో ప్రచురించింది. అదే ఏడాది జర్మనీలో స్ట్రోమ్, క్లాసెన్ వాళ్ళ బృందం మనుషుల మీద చేసిన ఫలితాలు ఇచ్చింది. ఈ పరికరం పుట్టిందే ప్రధానంగా క్లోమాన్ని చూడ్డానికి.

దగ్గరికెళ్ళడంలో ఇంకో లాభం కూడా ఉంది. అల్ట్రాసౌండ్‌లో ఫ్రీక్వెన్సీ పెంచితే బొమ్మ స్పష్టంగా వస్తుంది, కానీ లోతుకి పోదు. పొట్ట పైనుంచి చూడాలంటే 2 నుంచి 5 మెగాహెర్ట్జ్‌తో సరిపెట్టుకోవాలి. లోపల్నుంచైతే లోతు అక్కర్లేదు కాబట్టి 7.5, 10, 12 దాకా పోవచ్చు. మిల్లీమీటర్ల సైజు కణితులు, ఇసుక రేణువుల్లాంటి రాళ్ళు కనబడేది అందుకే.

మొదట్లో వచ్చినవి రేడియల్ రకం. స్కోప్ చుట్టూ 360 డిగ్రీల వృత్తం చూపిస్తాయి, రాడార్ తెరలాగా. చూడ్డానికి బ్రహ్మాండం, కానీ సూది గుచ్చాలంటే పనికిరావు. సూది స్కోప్ పొడవునా ముందుకెళ్తుంది, బొమ్మ దానికి అడ్డంగా కోసిన ముక్క. సూది ఆ ముక్కలో ఒక్క చుక్కలాగా కనబడి మాయమైపోతుంది. 1990 ప్రాంతంలో లీనియర్ రకం వచ్చింది. బొమ్మ స్కోప్ పొడవునే వస్తుంది కాబట్టి సూది మొదలు నుంచి మొన దాకా తెరమీద కనబడుతుంది. డెన్మార్క్‌లో పీటర్ విల్మన్ బృందం దీంతో క్లోమంలో కణితికి సూది గుచ్చి కణాలు తీసి 1992లో ప్రచురించింది. జాబ్స్‌కి 2003లో పనికొచ్చింది ఈ పనే అన్నమాట. బొమ్మ తీసే తలాన్ని 90 డిగ్రీలు తిప్పారు, అంతే. అంతవరకూ కన్నుగా ఉన్న పరికరానికి దాంతో చెయ్యి వచ్చింది. ఈ మొత్తం కథలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే.

చెయ్యి వచ్చాక ఊరుకుంటారా! 1992లోనే హాంబర్గ్‌లో గ్రిమ్, బిన్‌మోలర్, సోహేంద్ర ముగ్గురూ క్లోమం పక్కన కట్టిన నీటిసంచిని కడుపు గోడలోంచే పొడిచి కడుపులోకి ఖాళీ చేయించారు. 1996లో వియర్సెమా బృందం క్లోమ క్యాన్సర్ నొప్పి తగ్గించడానికి నరాల గుంపులోకి మందు ఎక్కించడం చూపించింది. అక్కడే ఆగిపోయినా ఈ రోగులకి అది తక్కువేం కాదు.

హైదరాబాద్ కథలోకి వచ్చేది దాదాపు ఇక్కడే. విశాఖలో పుట్టి, కర్నూలులో ఎంబీబీఎస్, మద్రాసులో ఎండీ, చండీగఢ్ పీజీఐలో డీఎం చదివిన డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి 1994లో ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గాస్ట్రోఎంటరాలజీ పెట్టారు. అప్పటికి ప్రైవేటు రంగంలో ఒక్క జీర్ణకోశ వ్యాధుల కోసమే ఆస్పత్రి అంటే వింతే. మొదట సోమాజిగూడ, తర్వాత గచ్చిబౌలిలో పెద్ద భవనం. మనలో సగం మంది రోజూ దాని ముందునుంచే ఆఫీసుకి పోతుంటాం. ఆయనకి 2002లో పద్మశ్రీ, 2016లో పద్మభూషణ్, 2025లో పద్మవిభూషణ్ వచ్చాయి. అవార్డుల కంటే నాకు ముఖ్యంగా కనబడేది అక్కణ్ణుంచి వచ్చిన మూడు పనులు, మూడూ క్లోమానివే.

మొదటిది జన్యువుల సంగతి. మన దేశంలో మద్యం ముట్టని కుర్రవాళ్ళకి కూడా క్లోమంలో రాళ్ళు ఏర్పడి, నొప్పి, ఆ తర్వాత షుగరు వచ్చే జబ్బు ఒకటుంది. 1959లో జుయిడెమా ఇండోనేషియాలో వర్ణించాడు, కేరళలో గీవర్గీస్ వందలమందిని చూసి రాశారు. కేరళలో పేదలు కర్రపెండలం తింటారు కాబట్టి అందులో విషపదార్థాలే కారణం అని చాన్నాళ్ళు నమ్మారు. మరి కర్రపెండలం ముఖ్యాహారం కాని మన తెలుగువాళ్ళకి ఎందుకొస్తోంది? 2002లో సీసీఎంబీలో గిరిరాజ్ చందక్, ఏఐజీ డాక్టర్లు కలిసి ఈ రోగుల్లో స్పింక్1 అనే జన్యువులో మార్పులు ఎక్కువగా ఉన్నాయని చూపించారు. అదే ఏడాది లక్నో బృందమూ అదే చెప్పింది. క్లోమం తన రసంతో తనే అరిగిపోకుండా కాపలా కాసే ప్రోటీన్ తయారీ ఆ జన్యువుది. ఇదొక్కటే కారణం కాదు, ఆ మార్పు ఉండీ జబ్బు రానివాళ్ళు బోలెడుమంది. కానీ 'నీ తిండి వల్లే నీకొచ్చింది' అని రోగిని తప్పుపట్టే మాటకి అక్కడ గండిపడింది.

రెండోది ఆ రాళ్ళు. కిడ్నీ రాళ్ళని బయటినుంచి షాక్ వేవ్‌తో పొడి చేసే పద్ధతిని క్లోమానికి వాడొచ్చని 1987లో జర్మనీలో సౌవర్‌బ్రుక్ బృందం చూపించింది. ఏఐజీ వాళ్ళు 2010లో వెయ్యిమందికి పైగా రోగుల ఫలితాలు ప్రచురించారు. సుమారు నాలుగింట మూడొంతుల మందిలో రాళ్ళు పూర్తిగా పోయాయి. ఇంత పెద్ద లెక్క అప్పటికి ప్రపంచంలో అరుదు. మన దగ్గర రాళ్ళ రోగులు ఎక్కువ కాబట్టే అది సాధ్యమైంది, అందులో గర్వపడాల్సిందెంతో బాధపడాల్సిందీ అంతే.

మూడోది మళ్ళీ ఈయూఎస్ పని. క్లోమం తీవ్రంగా వాస్తే కొంత భాగం చచ్చి కుళ్ళుతుంది. నాలుగు వారాలకి దాని చుట్టూ గోడ కడుతుంది. లోపల చీముతో పాటు గట్టి ముక్కలుంటాయి. పాతకాలంలో పొట్ట కోసి తీసేవారు, ఆ ఆపరేషన్‌లోనే చాలామంది పోయేవారు. సన్న ప్లాస్టిక్ గొట్టాలు పెడితే ముక్కలు అడ్డంపడి మూసుకుపోతాయి. అందుకని రెండు చివర్లా అంచులున్న లావుపాటి లోహపు గొట్టాలు వచ్చాయి. కొరియాలో తయారయ్యే నాగి స్టెంట్ ఒకటి, 2013లో అమెరికాలో అనుమతి పొందిన యాక్సియస్ ఇంకొకటి. ఏఐజీలో సందీప్ లక్టాకియా బృందం నాగి స్టెంట్‌తో 205 మందికి చేసి 2017లో ఫలితాలు ఇచ్చింది. స్టెంట్ ఒక్కదానితోనే దాదాపు 75 శాతం మంది కోలుకున్నారు. మిగతావాళ్ళకి మెట్టు మెట్టుగా: ముందు గొట్టం శుభ్రం చేయడం, తర్వాత ముక్కులోంచి సన్న పైపు వేసి కడగడం, అప్పటికీ కాకపోతేనే లోపలికెళ్ళి ముక్కలు తీయడం. అలా మొత్తం 95 శాతం పైన బాగయ్యారు. స్టెంట్‌ని మర్చిపోకుండా మూడు నాలుగు వారాల్లో తీయాలి, లేకపోతే రక్తస్రావం ముప్పు.

ఈయూఎస్‌ని ఆకాశానికెత్తేస్తున్నానని అనుకోకండి. అతిగా చూడ్డంతో వచ్చే తంటా దీనికీ ఉంది. వయసు మళ్ళినవాళ్ళ క్లోమంలో, సిగరెట్, మందు అలవాటున్నవాళ్ళ క్లోమంలో కూడా గీతలూ మచ్చలూ కనబడతాయి. ఏది జబ్బు, ఏది కాదు అని ఒక్కో డాక్టరు ఒక్కోలా చెప్పేవాడు. 2007లో అమెరికాలోని రోజ్‌మాంట్‌లో నిపుణులు కూర్చుని నియమాలు రాసుకుని 2009లో ప్రచురించారు. తర్వాత కూడా గొడవ పూర్తిగా తీరలేదు. ఇంకో తంటా, ఇది మెషీన్ కొంటే వచ్చే విద్య కాదు. కనీసం 150 కేసులు గురువు పక్కన నిలబడి చేస్తేగానీ ఒకరి నైపుణ్యాన్ని బేరీజు కూడా వేయకూడదని అమెరికా ఎండోస్కోపీ సంఘం ఒకప్పుడు పెట్టుకున్న లెక్క. ఆ అంకె కూడా చాలదని తర్వాతి అధ్యయనాలు అన్నాయి.

గుంటూరు మెడికల్ కాలేజీ 1946 నాటిది. మంగళగిరిలో ఎయిమ్స్ తరగతులు 2018లో మొదలయ్యాయి. అయినా క్లోమం అనగానే మా వాళ్ళు ఎక్కేది హైదరాబాద్ బస్సే, 270 కిలోమీటర్లు. అంతదూరం వెళ్ళే ముందు ఊళ్ళో చేయించుకోగలిగిన పని ఒకటుంది. నొప్పి తీవ్రంగా ఉన్న రోజునే రక్తంలో లైపేజ్, అమైలేజ్ చూడాలి. మామూలు గరిష్ఠ పరిమితికి మూడింతలు దాటితే క్లోమం వాపుని గట్టిగా అనుమానించాలి. నొప్పి తగ్గిన వారానికి చూస్తే మామూలుగానే ఉండొచ్చు. పాతబడి ఎండిపోయిన క్లోమంలోనైతే నొప్పి రోజున కూడా పెరగకపోవచ్చు. స్కాన్ రిపోర్టులో ఆ గ్యాస్ లైను ఉందో లేదో కూడా చదవాలి. మా బాబాయికి చివరికి ఈయూఎస్ చేసినప్పుడు దొరికింది మామూలు స్కాన్లు రెండుసార్లు వదిలేసిన ఒక చిన్న రాయి, పిత్తనాళం చివర్లో. ఈఆర్‌సీపీ చేసి తీసేశారు, తర్వాత పిత్తాశయం కూడా. ఇప్పుడు మళ్ళీ గోంగూర పచ్చడిలో పచ్చిమిరపకాయ నంజుకుని తింటున్నాడు.