రాత్రి 11:23

నేరపరిశోధన కథలంటే నాకు చిన్ననాటి నుండీ బలహీనత. (ఇంట్లో పెద్దలు డిటెక్టివ్ నవలలు దాచే చోట్లన్నీ నాకు కంఠతా వచ్చు.) కాలప్రయాణం కథల మీద మాత్రం అంత గురి లేదు. చిక్కులో పడ్డప్పుడల్లా గతాన్ని దిద్దుకునే వెసులుబాటు రచయితకు మరీ ఎక్కువని నా ఫిర్యాదు. ఆ అపనమ్మకంతోనే ‘సిగ్నల్’ అనే కొరియా ధారావాహిక మొదలుపెట్టి, పదహారు భాగాలనూ నాలుగు రాత్రుల్లో ముగించాను.

కిమ్ ఉన్ హీ రచించిన ఈ ధారావాహిక 2016 జనవరిలో టీవీఎన్ ఛానెల్‌లో మొదలైంది. 2015లో ఉన్న ఒక యువ పోలీసు అధికారికి పాత వాకీటాకీ ఒకటి దొరుకుతుంది. అందులో బ్యాటరీ లేదు. అయినా రాత్రి 11 గంటల 23 నిమిషాలకు అది పలుకుతుంది. అవతల మాట్లాడేవాడు గతకాలపు డిటెక్టివ్. ఇతడు హెచ్చరిస్తే అతడు పరుగెత్తుతాడు. అక్కడ ఒక ప్రాణం నిలిస్తే ఇక్కడి దస్త్రాలలో అక్షరాలు మారిపోతాయి. కానీ ఒకరిని కాపాడిన ఫలితంగా మరొకరు బలి కావచ్చు. నా ఫిర్యాదుకు రచయిత్రి అక్కడే జవాబు చెప్పేసింది.

ఒక వరుస హత్యల కథ చూస్తూండగా, ఇది ఎక్కడో నిజంగా జరిగినట్లుందే అనిపించి, ఆపి చదవడానికి కూర్చున్నాను. సియోల్‌కు దక్షిణాన హ్వాసంగ్ అనే పల్లెప్రాంతంలో 1986 సెప్టెంబరు నుండి 1991 ఏప్రిల్ వరకు పదిమంది స్త్రీలు హతులయ్యారు. పోలీసులు 20,000 మందికి పైగా అనుమానితులను విచారించారు. బాంగ్ జూన్ హో 2003లో తీసిన ‘మెమొరీస్ ఆఫ్ మర్డర్’ చిత్రానికీ ఈ హత్యలే ఆధారం.

మన దేశంలో హత్యానేరానికి కాలపరిమితి లేదు. కొరియాలో అప్పట్లో అది 15 సంవత్సరాలు. ఆ లెక్కన 2006 ఏప్రిల్‌తో హంతకుడికి చట్టభయం తీరిపోయింది. 2007లో గడువును 25 ఏళ్ళకు పెంచారు, 2015లో పూర్తిగా ఎత్తివేశారు. అయితే అప్పటికే గడువు దాటినవాటికి ఆ సవరణ వర్తించలేదు. అదే ఏటిని కథకు వర్తమానంగా ఎందుకు పెట్టుకున్నారో అప్పుడు బోధపడింది.

2019లో, భద్రపరిచిన పాత సాక్ష్యాలపై డీఎన్ఏ పరీక్ష చేస్తే లీ చున్ జే పేరు బయటపడింది. 1994లో మరదలిని చంపి అతడు అప్పటికే యావజ్జీవ శిక్ష అనుభవిస్తున్నాడు. హత్యలు జరుగుతున్న రోజుల్లోనే పోలీసులు అతన్ని పిలిచి ప్రశ్నించారట! హంతకుడి రక్తం ‘బి’ వర్గమని వారి నమ్మకం, ఇతనిది ‘ఓ’, వదిలేశారు. మొత్తం 14 హత్యలు ఒప్పుకున్నాడు. ఆ సినిమా చూశాననీ, అది తనకు వట్టి సినిమాగానే తోచిందనీ 2020లో న్యాయస్థానంలో చెప్పాడు.

ఒప్పుకున్నవాటిలో ఎనిమిదవది కూడా ఉంది. 1988లో, సొంత ఇంట్లో, పదమూడేళ్ళ బాలిక హత్య. ఎవరో అనుకరించి చేసిన నేరమని తేల్చి, ఆ కేసును పోలీసులు ఎప్పుడో మూసివేశారు. 1989 జులైలో యూన్ సంగ్ యో అనే 22 ఏళ్ళ యువకుడిని పట్టుకున్నారు. వ్యవసాయ యంత్రాలు బాగుచేసే పని అతనిది. పోలియో వల్ల ఒక కాలు అవిటి. నిద్రపోనివ్వకుండా ఒప్పుదల రాయించుకున్నారు. ఘటనాస్థలంలో దొరికిన వెంట్రుక అతనిదేనని పరీక్ష చెప్పింది. కొట్టి ఒప్పించారని అప్పీలులో మొరపెట్టుకున్నా ఎవరూ వినలేదు. దాదాపు ఇరవై ఏళ్ళు జైల్లో ఉండి 2009లో పెరోల్‌పై బయటకు వచ్చాడు. 2020 డిసెంబరు 17న సువాన్ న్యాయస్థానం అతడు నిర్దోషి అని ప్రకటించింది. వెంట్రుక పరీక్ష నమ్మదగినది కాదని తేల్చి, న్యాయవ్యవస్థ తరఫున క్షమాపణ చెప్పింది. అప్పటికి అతనికి యాభై దాటాయి.

ధారావాహిక చూసిన రాత్రుల్లో నా ఆరాటమంతా హంతకుడు చిక్కాలనే. ఆ వాకీటాకీ గుండా 1989కి ఒక పేరు చేరవేయగలిగితే చాలుననుకున్నాను. ఇదంతా చదివాక, ఆ ఏడు జులైలో హ్వాసంగ్ ఠాణాలో నిజంగానే అది మోగినట్లు ఊహించుకున్నాను. గదిలో మూడు రోజులుగా నిద్రలేని యువకుడు, బల్లమీద అతని సంతకంతో కాగితం. ఎనిమిదవ కేసు తేలిపోయిందన్న సంబరంలో ఉన్నవారిలో దాన్ని చేతిలోకి తీసుకునేదెవరు?