భాస్వరాన్ని మింగే బురద

1959లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ నుంచి ఓ చిన్న పరిశోధన పత్రం వెలువడింది. రాసినవాళ్లు ఇ.జి. శ్రీనాథ్, సి.ఎ. శాస్త్రి, ఎస్.సి. పిళ్లై. మురుగునీటిని శుద్ధి చేసే బురదకు గాలి బాగా అందిస్తే నీళ్లలోని భాస్వరం చకచకా తగ్గిపోతోందని వాళ్లు గమనించారు. బురదలోని సూక్ష్మజీవులు పెరగడానికి కావాల్సిన దానికంటే అవి పీల్చుకుంటున్న భాస్వరం చాలా ఎక్కువ. విషపదార్థం కలిపితే ఆ పీల్చుకోవడం ఆగిపోయింది. ప్రాణవాయువు అందకపోయినా అంతే. అంటే ఇది ఉత్త రసాయన చర్య కాదు, బతికున్న జీవులు చేస్తున్న పని. మందులు పోయకుండా మురుగులోంచి భాస్వరాన్ని తీసే పద్ధతి చరిత్రలో ఈ పత్రానిది తొలి పుటల్లో చోటు. మన పాఠ్యపుస్తకాలు మాత్రం దాన్ని పట్టించుకున్నది తక్కువ.

ఆ పని బెంగళూరులో జరగడం వెనక పాత బంధం ఒకటుంది. 1914లో మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు, మురుగునీటికి గాలి పట్టించాక అడుగున పేరుకున్న బురదను పారబోయకుండా మళ్లీ మళ్లీ వాడి చూశారు. మొదట అయిదు వారాలు పట్టిన శుద్ధి, బురద పోగయ్యేకొద్దీ ఒక్క రోజులోపే పూర్తయింది. నేటికీ నగరాలు నమ్ముకున్న యాక్టివేటెడ్ స్లడ్జ్ పద్ధతి అలా పుట్టింది. వాళ్లకు దారి చూపిన గిల్బర్ట్ ఫౌలర్ 1916లో బెంగళూరు సంస్థకు ఆచార్యుడిగా వచ్చారు. ఆయన వెళ్లిపోయాకా అక్కడ బురద మీద పరిశోధన ఆగలేదు. 1940లలో వి. సుబ్రహ్మణ్యన్‌తో కలిసి బురదలోని ప్రోటోజోవాల మీద పనిచేసిన పిళ్లైయే 1959 పత్రంలోనూ ఉన్నారు.

భాస్వరంతో ఎందుకింత తంటా? మలమూత్రాల నుంచి, సబ్బుపొడుల నుంచి అది చెరువుల్లో చేరితే నాచుకు బలమైన ఎరువవుతుంది. కెనడాలోని 226వ నంబరు సరస్సులో డేవిడ్ షిండ్లర్ బృందం 1973లో దీన్ని కళ్లకు కట్టింది. సరస్సు నడుముకు అడ్డంగా తెర కట్టి, రెండు పక్కలా కర్బనం, నత్రజని కలిపారు. భాస్వరం ఒక్క పక్కే వేశారు. ఆ పక్క నీళ్లు ఆకుపచ్చగా చిక్కబడ్డాయి, రెండో పక్క తేటగానే ఉండిపోయాయి. హుస్సేన్‌సాగర్ పచ్చబారడం చూసినవాళ్లకు ఆ రంగు కొత్తేమీ కాదు. పటిక, ఇనుప లవణాలు కలిపితే భాస్వరం అడుగుకు దిగుతుంది గానీ, ఆ ఖర్చు ఏటేటా తప్పదు. దానికితోడు బురద మరింత పెరుగుతుంది.

అమెరికాలో గిల్బర్ట్ లెవిన్, జోసెఫ్ షపీరో 1965లో ఇలాంటి ఫలితాలే ప్రకటించి, దానికి లగ్జరీ అప్‌టేక్ అని పేరు పెట్టారు. గాలి అందనప్పుడు బురద ఆ భాస్వరాన్ని తిరిగి కక్కేస్తుందని కూడా వాళ్లు చూశారు. శాన్ ఆంటోనియో, బాల్టిమోర్ నగరాల శుద్ధి కేంద్రాల్లోనూ భాస్వరం తగ్గుతోందన్న వార్తలు వచ్చాయి. అయితే కొన్నిచోట్ల తగ్గి, మరికొన్నిచోట్ల తగ్గకపోవడానికి కారణం అంతుపట్టలేదు.

ముడి విప్పింది దక్షిణాఫ్రికా ఇంజినీరు జేమ్స్ బర్నార్డ్. 1970ల మొదట్లో ప్రిటోరియాలోని డాస్‌పూర్ట్‌లో, రోజుకు 100 ఘనమీటర్ల నీటిని శుద్ధిచేసే ప్రయోగ కేంద్రంలో ఆయన నత్రజనిని తీసే పనిలో ఉన్నారు. అనుకోకుండా భాస్వరమూ మాయమవుతోంది. తొట్టెల వరసంతా పరిశీలిస్తే తేలిందేమిటంటే, ఓ తొట్టిలో ప్రాణవాయువే కాదు, నైట్రేట్ కూడా అయిపోయి, బురద అక్కడ భాస్వరాన్ని వదిలేస్తోంది. తర్వాత గాలి తగలగానే వదిలినదంతా పీల్చుకుని, ఆపైన ఇంకొంత లాక్కుంటోంది. అంటే ముందు గాలి అందకుండా చేయాలి, ఆ తర్వాతే గాలి ఇవ్వాలి. ఈ వరస ముఖ్యమని గ్రహించి, శుద్ధి మొదట్లోనే గాలి లేని తొట్టి ఒకటి పెట్టాలని ఆయన సూచించారు.

ఆ తొట్టిలో జరిగేది చూడముచ్చటైన పని. మురుగు పులిసినప్పుడు అసిటిక్ ఆమ్లం లాంటివి పుడతాయి. ప్రాణవాయువు లేనందున చాలా బాక్టీరియాకు అవి అక్కరకు రావు. భాస్వరం బాక్టీరియా మాత్రం గాదెలో దాచినట్టు ఒంట్లో దాచుకున్న పాలీఫాస్ఫేట్‌ను విడగొట్టి, ఆ శక్తితో ఆమ్లాన్ని లోపలికి లాక్కుని నిల్వ చేసుకుంటుంది. అందుకే ఈ దశలో నీళ్లలో భాస్వరం తగ్గదు సరికదా, పెరుగుతుంది. గాలి తొట్టికి చేరాక దాచుకున్న తిండిని ఖర్చుచేస్తూ పోయినదానికి మించి భాస్వరం పోగేసుకుంటుంది. మామూలు బురద ఎండు బరువులో భాస్వరం 2 శాతం లోపే ఉంటే, ఈ బురదలో 5 నుంచి 7 శాతం దాకా ఉంటుంది. మిగులు బురదను తోడేసినప్పుడల్లా ఆ భాస్వరమూ బయటికి పోతుంది.

దక్షిణాఫ్రికాకు ఇది అత్యవసరంగా కావాల్సివచ్చింది. జొహన్నెస్‌బర్గ్ మురుగు చేరే హార్ట్‌బీస్‌పూర్ట్ జలాశయం గుర్రపుడెక్కతో, నాచుతో నిండిపోయింది. సున్నితమైన నదీ పరీవాహకాల్లోకి వదిలే నీళ్లలో ఫాస్ఫేట్ భాస్వరం లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదని 1980లో ప్రభుత్వం నిబంధన పెట్టింది. గాలి లేని తొట్టిలోకి నైట్రేట్ చొరబడితే పని చెడుతుందని గుర్తించి, కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలో మరే అనే శాస్త్రవేత్త బృందం బురద తిరిగే దారినే మార్చింది. 1982లో కెనడాలోని కెలోనా నగరం ఒకానగన్ సరస్సును కాపాడుకోవడానికి ఇదే పద్ధతి ఎంచుకుంది. చలిలో మురుగు తగినంత పులియదు కాబట్టి, తొలి తొట్టిలో పేరుకున్న బురదను వేరుగా పులియబెట్టి ఆ రసాన్ని బాక్టీరియాకు అందించారు.

ఇంతకీ ఆ బాక్టీరియా ఏది? 1975లో ఫూస్, చెన్ అసినెటోబాక్టర్ అన్నారు. ప్రయోగశాల పళ్లేల్లో తేలిగ్గా పెరిగింది అదే మరి. 1990లలో జన్యు పద్ధతులతో బురదనే నేరుగా పరీక్షిస్తే దాని పాత్ర స్వల్పమని తేలింది. 1999లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు అసలు జీవికి అక్యుములిబాక్టర్ అని పేరుపెట్టారు. దాన్ని విడిగా పెంచడం కుదరకపోవడంతో, 2006లో అమెరికా, ఆస్ట్రేలియా బురదల నుంచే దాని జన్యుక్రమాన్ని చదివారు. అసలు పనివాడి పేరు తెలియకుండానే ఇంజినీర్లు ఏళ్ల తరబడి కేంద్రాలు నడిపారన్నమాట.

బురదలో చేరిన భాస్వరానికి రెండో జన్మ కూడా ఉంది. బురదను కుళ్లబెట్టినప్పుడు ఆ భాస్వరం కరిగి, మెగ్నీషియం, అమ్మోనియాలతో కలిసి స్ట్రువైట్ అనే గట్టి గారగా గొట్టాలను మూసేస్తుంది. అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రంలో డరమ్ కేంద్రం 2009 నుంచి దాన్నే గుళికల ఎరువుగా తయారుచేస్తోంది. ఎరువుల భాస్వరంలో అత్యధిక భాగాన్ని దిగుమతి చేసుకునే మన దేశం గట్టిగా పట్టించుకోవాల్సిన సంగతి ఇది. హైదరాబాద్‌లో ఇటీవల కట్టిన శుద్ధి కేంద్రాల్లో చాలావరకు సీక్వెన్సింగ్ బ్యాచ్ రియాక్టర్ పద్ధతివే. ఒకే తొట్టికి వంతులవారీగా గాలి ఇచ్చి ఆపే ఆ పద్ధతిలో, భాస్వరం బాక్టీరియాకు కావాల్సిన వరసను అమర్చడం సాధ్యమే. కాకపోతే వేడి పెరిగితే, భాస్వరాన్ని దాచకుండా ఆమ్లాన్ని మాత్రం తినేసే పోటీ బాక్టీరియా బలపడే ప్రమాదముంది. అందుకే చలిదేశాల లెక్కలను ఉన్నవున్నట్టు తెచ్చుకోకుండా, మన మురుగులో మన ఎండల్లోనే గాలి వేళలు, ఆమ్లం మోతాదు పరీక్షించి తేల్చుకోవాలి.