రాళ్లకు పాతికేళ్ల కావలి

హైదరాబాద్‌లో స్థలం కొంటే మొదటి ఖర్చు బండ పగలగొట్టించడమే అనుకునే రోజులుండేవి. జూబ్లీహిల్స్, మాదాపూర్ అలాగే లేచాయి. డ్రిల్లుతో రంధ్రాలు వేసి మందు కూరితే చాలు, దాదాపు 250 కోట్ల ఏళ్ల గ్రానైటు కంకరగా మారి లారీ ఎక్కేది. అది చూసి తట్టుకోలేని చిత్రకారులు, ఫొటోగ్రాఫర్లు, పర్యావరణ ప్రేమికులు కొందరు 1996లో ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ పెట్టారు. సంఘం రజతోత్సవ సంచికలో మొదట తలచుకోవాల్సింది ఆ పట్టుదలనే.

జర్మనీలో పుట్టి మన ఊరి మనిషైపోయిన ఫ్రౌకె ఖాదర్ కార్యదర్శిగా ఈ పని భుజాన వేసుకున్నారు. అధ్యక్షుడిగా ఉన్న చరిత్రకారుడు, మాజీ ఐఏఎస్ నరేంద్ర లూథర్ బంజారాహిల్స్‌లో బండను పగలగొట్టకుండా దాని చుట్టూ ఇల్లు కట్టుకున్నారు. రాయి గది లోపలే ఉంది. బండ ఉన్న చోట ఇల్లు ఎలా కడతారని అడిగేవారికి అంతకన్నా గట్టి జవాబు లేదు. ఆయన 2021 జనవరిలో కన్నుమూశారు. ఈ సంచిక ఆయన చూడలేకపోవడం మనందరికీ లోటే.

సంఘం పోరాటంతో నాటి హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) 13వ నిబంధన కింద తొమ్మిది శిలా సమూహాలు వారసత్వ జాబితాకెక్కాయి. శిల్పారామంలోని బేర్స్ నోస్, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని మష్రూమ్ రాక్, దుర్గం చెరువు చుట్టూ ఉన్న గుట్టలు వాటిలోవే. ఆ నిబంధననే 2015లో ప్రభుత్వం ఎత్తేసింది. కాగితం ఒక్కటే రాయిని కాపాడలేదని అప్పుడు తేలింది. మనుషులు వెళ్లే రాయే మిగులుతుంది. భువనగిరి బండ మీద కోట ఉంది కాబట్టి అది నిలిచింది. 2014లో ఎవరెస్టు ఎక్కిన పూర్ణ, ఆనంద్ అంతకు ముందు ఎక్కే తొలి మెళకువలు నేర్చుకున్నది ఆ బండ మీదే. కోటలేని గుట్టలకు కోట మనమే కావాలి. గుట్టల మధ్య సంఘం నడిపే రాక్ వాక్‌ల అసలు ప్రయోజనం ఇదేనని నా నమ్మకం.

ఖాజాగూడలో గుండ్లు ఎక్కడానికి తెల్లవారుజామున క్రాష్ ప్యాడ్ (పడితే దెబ్బ తగలకుండా కింద పరిచే పరుపు) వీపున వేసుకుని వచ్చే పిల్లలూ ఆ కాపలాలో భాగమే. బాగా నేర్చినవాడు పెచ్చును పట్టుకునే ముందు వేలి కణుపుతో తట్టి చూస్తాడు. డొల్లగా మోగితే దాని జోలికి పోడు. మన గ్రానైటు ఎండకూ వానకూ పొరలుపొరలుగా విడుతుంది. ఒక పెచ్చు ఊడితే రాయి ఎక్కే ఆ దారి శాశ్వతంగా మారిపోతుంది, కింద నిలబడ్డవాడికి ప్రమాదం కూడా. పట్టు జారకుండా చేతులకు పూసుకునే చాక్ రాతిమీద మిగిలితే, దిగాక దాన్ని మెత్తని బ్రష్‌తో దులపాలి. ఇనుప బ్రష్ రాయిని గీకేస్తుంది. వాన తగలని వంపుల్లో ఆ తెల్ల మరకలు ఏళ్లతరబడి ఉండిపోతాయి. రంగుతో పేర్లు రాయడం, బాణాలు గీయడం అంతకన్నా పెద్ద గాయం. గుట్ట అడుగున పగిలిన సీసాలు ఏరేది కూడా ఎక్కువగా ఈ పిల్లలే. వారిని మన సంఘం ఇంకా దగ్గరకు తీసుకోవాలి.

ఈ సంచిక చదివే ప్రతి ఒక్కరినీ కోరేది ఒకటే. మీ కాలనీలో, మీ ఊరి పొలిమేరలో మిగిలిన గుండ్లను ఫొటో తీసి, ఎక్కడున్నాయో రాసి సంఘానికి పంపండి. మీ స్థలంలోనే బండ ఉంటే, మందు పెట్టించే ముందు ఒక్కసారి మాతో మాట్లాడండి.