రేవు దాటిన స్త్రీలకు రక్ష

వసిష్ఠ గోదావరి ఒడ్డున నున్న నరసాపురము పదునేడవ శతాబ్దమున ఓడల నిర్మాణమునకు పేరుగన్న రేవు. చేరువనున్న మాధవాయపాలెపు వస్త్రములు నాడు ఐరోపాకు ఎగుమతియైనవి. ఇరువదవ శతాబ్దపు చివరి దశకముల నుండి ఈ సీమ స్త్రీలే సముద్రము దాటి, కువైటు మొదలగు దేశములలో ఇంటిపనికి కుదురుచున్నారు.

వీరికి వీథిలో కన్న మూసిన తలుపుల వెనుకనే అపాయ మధికము. పాసుపోర్టు యజమాని పెట్టెలో చిక్కినచో కఱ్ఱసాము నేర్చియు ఫలమేమి? వీరికి వలయు ఆత్మరక్షణ విద్య వేఱు. తన పత్రములు, తన హక్కులు, సహాయము దొరకు చోటు, ఈ మూడింటిని బయలుదేరకముందే ఎఱుగవలెను.

కువైటు 2015లో చేసిన చట్టము ఇంటి పనివారి పాసుపోర్టును యజమాని ఉంచుకొనరాదనియు, పని దినమునకు 12 గంటలు మించరాదనియు, వారమున కొక దినము విశ్రాంతి నీయవలెననియు శాసించినది. భారత ప్రభుత్వము 2016లో ఇట్టి స్త్రీల నియామకమును ప్రభుత్వ సంస్థలకే పరిమితము చేసినది. 2018లో ప్రయాణమునకు ముందు ఒక దినపు శిక్షణ నారంభించినది.

అయినను దళారి మాట నమ్మి సందర్శకుల వీసాపై పోవు స్త్రీ ఆ శిక్షణాలయపు గడప త్రొక్కదు. ఎవరికి అపాయము మిక్కిలియో వారికే విద్య అందకున్నది. కావున ఈ పాఠము దళారికి సొమ్ము చెల్లింపకముందే, ఊరిలోనే, తెలుగులోనే జరుగవలెనని మా అభిప్రాయము. ఒప్పందమును చదివించుకొనుట, పాసుపోర్టు నకలు ఇంట నుంచుట, భారత రాయబార కార్యాలయపు ఫోను సంఖ్యను కంఠస్థము చేయుట చిన్న పనులే. పరదేశమున తలుపు మూసుకొన్ననాడు ఆమెకు తోడు అవియే.