పర్వతం ఎక్కినోళ్ళ రాతల్లో మనం

పోస్టు కొంచెం పొడుగుంటాది, తీరిగ్గా చదవండి.

పోయిన శివరాత్రికి మా అబ్బతో కలిసి పాత నడకదారిలో శ్రీశైలం పోయినాను. మాది కొత్తపల్లె మండలంలో అడవి అంచున ఉండే చెంచుగూడెం. ఆత్మకూరు దాకా ఆటోలో పోయి, వెంకటాపురం దగ్గర నడక మొదలుపెట్టినాం. నాగలూటి, పెద్దచెరువు, మఠం బావి, భీముని కొలను, కైలాసద్వారం. రెండు రోజులు పట్టింది. బస్సులో దోర్నాల మీదుగా పోయినోళ్ళకు నల్లమల అంటే ఘాట్ రోడ్డు మలుపులే. నడిచి ఎక్కితే వేరే. మెట్లన్నీ దాటినాక పైన నేల చదునుగా పరుచుకుంటాది. నల్లమద్ది, వెదురు, మధ్యమధ్యలో మనిషెత్తు బోద గడ్డి. మళ్ళీ ఒక్కసారిగా లోయ.

పెద్దచెరువు దగ్గర ఒక యాత్రికుడు మా అబ్బను "ఏ ఊర్నించి వచ్చినారు తాతా?" అని అడిగినాడు. అబ్బ "యాడ్నించీ రాలేదు నాయనా, ఈడోళ్ళమే" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకంటే అంతకుముందే మా గూడెం వాళ్ళ అటవీ హక్కుల అర్జీ ఒకటి "ఆధారాలు చాలవు" అని వెనక్కి వచ్చింది. ఈడోళ్ళమే అని మనం చెబితే సరిపోదంట, కాగితం చెప్పాలంట.

ఇంటికొచ్చినాక ఈ దారిన ఎవరెవరు వచ్చినారో, ఏం రాసి పెట్టిపోయినారో వెతకడం మొదలుపెట్టినాను.

శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించింది 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి అని మనం పాఠాల్లో చదువుకున్నాం. 1677లో శివాజీ వచ్చినాడు, ఆయన పేరు మీద గోపురమే ఉంది. రాజు పేరు రాయి మీద నిలుస్తాది. ఆ రాయి పెట్టడానికి అడవిలో దారి చూపించినోడి పేరు ఎవరు చెక్కుతారు? శ్రీశైలం ప్రాకారం గోడ మీద వేట బొమ్మలు ఉన్నాయి, ఈసారి పోతే ఆగి చూడండి.

దేవుళ్ళైతే ఇంకా దగ్గరోళ్ళు. మల్లన్నను మనం చెంచు మల్లయ్య అంటాం, మన పిల్లను చేసుకున్నోడు. ఆళ్ళగడ్డ దగ్గర అహోబిలంలో నరసింహుడు చెంచులక్ష్మి మొగుడు. సంక్రాంతి తరువాత పారువేటలో స్వామి పల్లకీ ఊర్లు తిరగడానికి బయల్దేరినప్పుడు చెంచులు బాణాలు వేసే ఆచారం ఇప్పటికీ ఉంది. కల్యాణానికి చుట్టాలను పిలిచేదానికి అల్లుడు వస్తాడన్న మాట. ఆ చుట్టరికం కోర్టులో చెల్లదనుకోండి.

రాతల సంగతికి వస్తా. 1794లో కాలిన్ మెకంజీ శ్రీశైలం వచ్చినాడు. తర్వాత 1815లో మొత్తం ఇండియాకే మొదటి సర్వేయర్ జనరల్ అయినది ఈయనే. ఆ ప్రయాణం గురించి ఆయన రాసిన వ్యాసం 'ఏషియాటిక్ రీసెర్చెస్' అయిదో సంపుటంలో అచ్చయింది. అందులో గుడి పేరు 'పెర్వత్తం' అని ఉంటాది. మొదట నాకు అర్థం కాలేదు. అబ్బకు చదివి వినిపిస్తే నవ్వినాడు: "పర్వతం రా! మేం చిన్నప్పుడు శ్రీశైలం అనేవాళ్ళమా? పర్వతం పోదాం అనేవాళ్ళం."

1839లో కర్నూలు నవాబును దించి ఇంగ్లీషోళ్ళు ఈ సీమ తీసుకున్నారు. ఆ తర్వాత కర్నూలులో కొలువు చేసిన కెప్టెన్ న్యూబోల్డ్ అనే ఆయన 1840లలో చెంచుల మీద ఒక వ్యాసం రాసినాడు. లండన్‌లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వచ్చింది. తూర్పు కనుమల అడవుల్లో ఉండే 'అడవి మనుషుల జాతి' అని శీర్షికలోనే పెట్టినాడు. చదివితే ఒళ్ళు మండుతాది. నేనూ ఫోను పక్కన పడేసినా. కానీ మర్నాడు మళ్ళీ తీసినా. అడవి మీద మద్రాసు ఫారెస్టు చట్టం వచ్చింది 1882లో. అంటే ఆ చట్టం పుట్టకముందే, మనం ఈ అడవిలో ఉన్నామని వాళ్ళ మనిషే అచ్చు వేయించినాడు.

మూడో ఆయన ఆస్ట్రియా నుంచి వచ్చిన ఫ్యూరర్ హైమండార్ఫ్. 1940లో కృష్ణకు ఆవల, నిజాం రాజ్యంలో ఉన్న అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచుల మధ్య ఉండి చూసినాడు. 1943లో పుస్తకం వచ్చింది. చూసిన తీరు దొర తీరే, కాదనను. అయినా ఏ పెంటలో ఎవరుంటారు, ఏ గడ్డ ఎప్పుడు తవ్వుతారు, తేనె ఎట్లా తీస్తారు అని ఓపిగ్గా రాసినాడు. అందులో ఇంటిపేర్లు చూడండి: చిగుర్ల, మండ్ల, దాసరి, ఉడతల. మన గూడేల్లో ఉన్న పేర్లే! నది మధ్యలో గీత గీసి అటు నిజాం, ఇటు మద్రాసు అన్నారు గానీ, మనోళ్ళు పుట్టిలో దాటి పెళ్ళిళ్ళకు పోయేవాళ్ళు. 1980ల్లో శ్రీశైలం డ్యాం నీళ్ళు నిలిచినాక పాత రేవులు పోయినాయి. మా మండలంలో సంగమేశ్వరం గుడి కూడా ఎండాకాలంలోనే బయటికి కనిపిస్తాది. 2014 తర్వాత పులుల అభయారణ్యం కూడా రెండు రాష్ట్రాలకు రెండైంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన నిబంధనల్లో 13వది తెరిచి చదవండి. రుజువులుగా ఏవి చెల్లుతాయో వరసగా ఉంటాది. గెజిటీర్లు, జనాభా లెక్కలు, పేరున్న సంస్థలు చేసిన పరిశోధనలు, పాత బావులు, సమాధులు, దేవతల చోట్లు, వంశవృక్షం. అర్జీదారు కాని పెద్దల నోటిమాట కూడా, రాసి పెడితే చెల్లుతాది. అర్జీకి ఇందులో కనీసం రెండు కావాలి. ఎస్టీలు నిరూపించాల్సింది 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి ఇక్కడ ఉన్నామని. మన రాతలు 1840ల నుంచే ఉన్నాయి! పైగా మనం పీవీటీజీలం, సెక్షన్ 3(1)(ఇ) కింద ఒక్కో చెక్కకు కాదు, మొత్తం ఆవాసానికే హక్కు అడగొచ్చు. అటువంటి అర్జీకి పాత పుస్తకాల బలం ఇంకా ఎక్కువ అని నా అభిప్రాయం.

న్యూబోల్డ్ రాసిన రోజున 'అడవి మనుషులు' అన్న మాట తిట్టు. ఈరోజు అర్జీకి జత చేసే కాగితంలో అదే మాట మనకు సాక్షి. తిట్టినోడి చేతనే సాక్ష్యం చెప్పించడం నాకైతే బాగానే ఉంది.

నడిచేటప్పుడు అబ్బ చాలా చోట్ల ఆగి పేర్లు చెప్పినాడు. ఈ బండ కింద ఫలానా వాళ్ళ గుడిసెలుండేవి, ఈ చెలమలో వేసవిలోనూ నీళ్ళు ఆగవు, ఆ చింతచెట్టు కింద మా నాయన తోబుట్టువును పూడ్చినాం. నేను ఫోటోలు తీసుకుంటూ సగం వినలేదు. ఇప్పుడు అడిగితే ఇంట్లో కూర్చుని ఆయనకూ గుర్తురావడం లేదు, అక్కడికి పోతేనే వస్తాదంట.

ఉగాదికి దారి మళ్ళీ తెరుస్తారు. ఈసారి నోటుబుక్కు పట్టుకుని పోతున్నా. బైర్లూటి, నాగలూటి వైపు తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఎవరైనా వాళ్ళ పెద్దోళ్ళతో కలిసి వస్తామంటే ముందుగా చెప్పండి. అబ్బకు మోకాళ్ళ నొప్పులు, నిదానంగా నడవాలి.