జంబూద్వీపము - దీవి - తిప్ప

మాఘ పౌర్ణమినాడు హంసలదీవికి చేరువనున్న పాలకాయతిప్పకు జనము సముద్రస్నానమునకై తరలివత్తురు. కృష్ణానది సాగరమున కలియు చోటు అది. ఒడ్డున పురోహితుడు సంకల్పము చెప్పించునపుడు జంబూద్వీపము, భరతవర్షము, భరతఖండము అని పెద్దదాని నుండి చిన్నదానికి దిగివచ్చును. జాబుమీది చిరునామాను తలక్రిందులుగా చదివినట్లుండును. ఆ జంబూద్వీపము ఎక్కడ ఉన్నదని విద్యార్థి అడిగినచో ఉపాధ్యాయుడు ఏమి చెప్పవలెను?

ముందు మాట అర్థము చూతము. జంబువు అనగా నేరేడు. విష్ణుపురాణము మేరువు చెంత ఒక మహావృక్షమును, ఏనుగులంత పండ్లను, వాటి రసము ప్రవహించిన నదిని వర్ణించినది. ఆ నది ఒడ్డు మట్టియే బంగారమైనదట! కావ్యములలో బంగారమును జాంబూనదము అనుట దీనివలననే. తక్కిన ద్వీపముల పేర్లును చాలవరకు మొక్కలవే: ప్లక్షము జువ్వి, శాల్మలి బూరుగు, కుశము దర్భ, శాకము టేకు. చెట్టునుబట్టి ఊరికి పేరుపెట్టు అలవాటు మనకు క్రొత్త కాదు గదా. అదే అలవాటు భూమండలమంతటికి ప్రాకినది.

ద్వీపము అను మాట ఇంకను చిత్రమైనది. 'ద్వి' అనగా రెండు, 'అప్' అనగా నీరు. రెండు ప్రక్కల నీరు గలది ద్వీపము. పాణిని ఈ రూపమును సాధించుటకు సూత్రమే చెప్పెను. దీనినుండి వచ్చిన తెలుగు మాట దీవి. పులిగడ్డ వద్ద కృష్ణ చీలగా, ఆ పాయల నడుమ నిలిచిన నేలయే దివిసీమ. పాణిని అర్థమునకు ఇంతకన్న చక్కని ఉదాహరణము పాఠశాలలో చూపుట కష్టము.

అశోకుని బ్రహ్మగిరి శాసనము (క్రీ. పూ. 3వ శతాబ్ది) ప్రాకృతములో జంబుదీపమును పేర్కొన్నది. అక్కడ ఏనుగులంత పండ్లు లేవు. మనుష్యులు వసించు మన దేశమే ఉన్నది. బౌద్ధులు నాలుగు మహాద్వీపములను చెప్పి, దక్షిణపు దానికి ఈ పేరిచ్చిరి. జ్యోతిష్కుల త్రోవ వేరు. భాస్కరాచార్యుడు 1150లో రచించిన సిద్ధాంత శిరోమణిలో భూమి గోళాకారము. లవణసముద్రమునకు ఉత్తరముననున్న అర్ధగోళము జంబూద్వీపము. తక్కిన ఆరు ద్వీపములు దక్షిణార్ధమున సర్దబడినవి. పురాణపు పేరును విడువలేదు, లెక్కకు వచ్చిన గోళమును విడువలేదు. ఆ సర్దుబాటు సరియైనదని కాదు. కాని ఆయనకు కలిగిన ఇబ్బంది నేటి ఉపాధ్యాయునికి బాగుగా తెలియును.

ఇక ఖండము. దీని అర్థము ముక్క. జంబూద్వీపపు ముక్కలలో ఒకటి భరతఖండము. 1907లో చిలకమర్తి లక్ష్మీనరసింహము రాజమహేంద్రవరమున ఆశువుగా చెప్పిన పద్యములో భరతఖండము పాడియావైనది. అనగా ఆ పేరు పూజామందిరము దాటి స్వరాజ్యసభకు వచ్చినది. పాఠ్యపుస్తకములలో మాత్రము ఆసియా, ఆఫ్రికాలు ఖండములైనవి, సింహళము ద్వీపమైనది. ముక్క అను మాట మహాభూభాగమునకు, మహాభూభాగపు మాట చిన్న దీవికి వచ్చినవి. మన దేశమునకు ఉపఖండమను పేరు దక్కినది.

ఒక హెచ్చరిక. భారత భూభాగము గోండ్వానా నుండి విడివడి, చుట్టును సముద్రముతో ఉత్తరమునకు పయనించి, సుమారు 5 కోట్ల సంవత్సరముల క్రిందట ఆసియాను ఢీకొన్నది. ఇది విన్న కొందరు విద్యార్థులు "పూర్వులకు ఇది తెలియును, అందుకే ద్వీపమనిరి" అందురు. మెచ్చుకొనుటకు బాగున్నను నిలువదు. ఆనాటికి మనిషియే లేడు. శిలలలోని అయస్కాంత గుణమును, సముద్రగర్భమును 20వ శతాబ్దిలో కొలిచిన పిమ్మటనే ఈ పయనము తెలిసినది. సంకల్పమును వెక్కిరించుట ఎంత తొందరపాటో, దానిలో భూగర్భశాస్త్రమును చదువుట అంత తొందరపాటు.

దీవి, లంక, తిప్ప, దిబ్బ - నీటి నడుమ నేలకు కృష్ణా డెల్టాలో ఎన్ని పేర్లో! 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినపుడు దివిసీమలో వేలమంది మరణించిరి. రెండు ప్రక్కల నీరను మాట నిఘంటువులో చదువుట వేరు, అందులో కాపురముండుట వేరు. ఈ నేలను నిర్మించినది నది తెచ్చిన ఒండ్రుమట్టి. పైన కట్టిన ఆనకట్టలు ఆ మట్టిలో పెద్దపాలు నిలిపివేయుచున్నవి. డెల్టా అంచున పలుచోట్ల సముద్రము లోనికి జరుగుచున్నది.